పాట వెనక కథ నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి: ఒక కేసెట్ల కొట్టు అనుభవం

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర చాలా ఏళ్లు కేసెట్లు రికార్డు చేసి ఇచ్చాను. పాటతో పాటు కథ కూడా చెప్పేవాణ్ని, బేరం బాగా సాగేది. వాటిలో సగం తప్పుడు కథలని తర్వాత తెలిసింది.

ఓసారి ఒక రిటైర్డ్ మాస్టారు 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' అడిగారు. "రాష్ట్రం వచ్చాక గవర్నమెంటు రాయించిందండి" అనేశాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఆంధ్రప్రదేశ్ ఎప్పుడొచ్చింది బాబూ?"

"1956 అండి."

"పాట 1942లోది."

అందుకే ముందు సంవత్సరం చూడండి. చాలా కథలు అక్కడే పడిపోతాయి. రెండోది, పాట ఎవరు రాశారన్నదే కాదు, మొదట దేనికోసం రాశారో అడగండి. శంకరంబాడి సుందరాచారి ఈ పాట రాసింది 'దీనబంధు' సినిమా కోసం. సినిమాలో పెట్టలేదు. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోన్ రికార్డుకి పాడాక ఊరూరా వినిపించింది. వద్దన్న పాటే చివరికి రాష్ట్ర గీతమైంది!

తర్వాత పాటలోని మాట తీరు పట్టుకోండి. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వినగానే మన ఉత్తరాంధ్ర యాస తెలిసిపోతుంది. దాన్ని సరదా పాట అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది శ్రీకాకుళం గిరిజన రైతుల పోరాటం గురించి. రాసిన వంగపండు ప్రసాదరావు మన షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసిన మనిషి. ఈ సంగతి తెలిశాక పాట ఇంకోలా వినిపిస్తుంది, విని చూడండి.

ఆధారం కావాలంటే రికార్డు మీద లేబుల్ చదవండి. సినిమా హాల్లో అమ్మిన పాత పాటల పుస్తకం దొరికితే ఇంకా మంచిది, రచయిత పేరు అందులో ఉంటుంది. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు అడగండి. ఇంటర్వ్యూల్లో పెద్దవాళ్లు చెప్పే సంవత్సరాలు మాత్రం సరిచూసుకోవాలి. అబద్ధం కాదు, వయసు.

'ఏడుస్తూ పాడారు', 'అరగంటలో రాసేశారు' అనే కథలు నేనిప్పుడు పక్కన పెట్టేస్తాను. అలాగని కథ సినిమాలా ఉందని కొట్టిపారేయకండి. ఘంటసాల విజయనగరంలో మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, సంగీతం నేర్చుకోవడం నిజమే మరి.

మాస్టారు ఆ రోజు కేసెట్ తీసుకున్నారు. అట్ట మీద నా చేతే 1942 అని రాయించుకుని మరీ డబ్బులిచ్చారు.