సొప్రానోగా పాడటం, పాట నేర్పడం: ఎలా మొదలుపెట్టాలి?

పాటలతోనే కథ నడిచే పాశ్చాత్య సంగీత నాటకం ఒపెరా. అందులో మామూలుగా మైకు వాడరు. ఆర్కెస్ట్రా మొత్తాన్ని దాటుకుని ఆఖరి వరుస దాకా గొంతు ఒక్కటే వెళ్లాలి. అలాంటి చోట స్త్రీల గొంతుల్లో అన్నిటికంటే పైన పాడేది సొప్రానో. ఈ దారిలోకి రావాలనుకునే వాళ్లు ముందు స్వీడన్ సొప్రానో జెన్నీ లిండ్ గురించి తెలుసుకోవాలి. 1820లో స్టాక్‌హోంలో పుట్టిన ఆమె పదిహేడేళ్లకే ఒపెరాలో ప్రధాన పాత్ర పాడారు. తెరిపి లేకుండా పాడటంతో ఇరవై ఏళ్లకే గొంతు దెబ్బతింది. 1841లో పారిస్ వెళ్లి గాన గురువు మాన్యుయెల్ గార్సియాను కలిస్తే, ఆయన వెంటనే పాఠం చెప్పలేదు. కొన్ని వారాలు పాడొద్దన్నారు, మాటలు కూడా తగ్గించమన్నారు.

1. గొంతు ఎలా ఉందో చూపించుకోండి
బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాతే గురువు దగ్గరికి. నొప్పితో సాధన చేయమనే గురువు దగ్గర ఉండకండి.

2. ఊపిరి మీద పట్టు తెచ్చుకోండి
వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చండి. భుజాలు లేవకూడదు, పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. ఇప్పుడు 'స్‌స్‌' అంటూ ఒకే ధారగా వదలండి. గాలి తగ్గుతున్నా పక్కటెముకలు ఒక్కసారిగా ముడుచుకుపోకుండా చూసుకోవడమే అసలు పని. ఇటాలియన్ గురువులు దీన్ని అప్పోజియో అంటారు. తేలిగ్గా కుదిరాక నిలబడి చేయండి.

3. నడిమి స్వరాల నుంచి పైకి వెళ్లండి
కర్ణాటక సంగీతం నేర్చుకున్న అమ్మాయిలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐదు శ్రుతిలో పాడితే తారస్థాయి పంచమం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి పైహద్దు వచ్చేస్తుంది. సొప్రానో గొంతు మలుపు తిరిగేది, అంటే పలికే తీరు మారేది, ఆ పంచమానికి కాస్త పైన. అక్కడి నుంచి ఛాతీ బలంతో నెట్టకూడదు, తలలో మోగినట్టు తేలిగ్గా పలికే 'తల గొంతు'లోకి మారాలి. సొప్రానోలు పాడే హై సీ (పై స్థాయి C స్వరం) మీ లెక్కలో అతితారస్థాయి శుద్ధ మధ్యమం! అందుకే తొందరపడొద్దు. రోజూ అకార సాధన నడిమి స్వరాల్లో మొదలుపెట్టి అరస్వరం చొప్పున పైకి వెళ్లండి. పైకి పోయేకొద్దీ దవడ వదులు చేసి నోరు ఇంకాస్త తెరవండి. బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. మీరు చేసిన అకార సాధన వృథా పోదు, శ్రుతిజ్ఞానం ఇక్కడా అంతే అవసరం.

4. ఇటాలియన్ పాటలతో మొదలుపెట్టండి
పాడే ముందు సాహిత్యాన్ని మాటల్లా చదవండి, ప్రతి పదానికీ అర్థం రాసుకోండి. చాలా పదాలు మన తెలుగులో లాగే అచ్చుతో ముగుస్తాయి, ఒత్తులూ వినిపిస్తాయి కాబట్టి నోరు త్వరగా తిరుగుతుంది.

5. వయసుకు తగిన పాత్ర ఎంచుకోండి
మొదట మోజార్ట్ రాసిన సుజానా, జెర్లీనా లాంటి తేలికపాటి పాత్రలు చాలు. తోస్కా, తురాందోత్ లాంటి బరువైన పాత్రలు గొంతు ముదిరాక. పెద్ద అవకాశం వచ్చిందని బరువైన పాత్ర ఒప్పుకోవడం వల్లే ఎంతో మంచి గొంతులు పాడవుతాయి. కాదని చెప్పడం నేర్చుకోవడమూ శిక్షణలో భాగమే అని నా నమ్మకం.

6. నేర్పడం ముందుగానే మొదలుపెట్టండి
లిండ్ 1849లో ఒపెరా వేదిక వదిలేశారు, కచేరీలు మాత్రం కొనసాగించారు. 1883లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తెరిచినప్పుడు అక్కడ గానం నేర్పడానికి చేరారు. మీరు అంతకాలం ఆగక్కర్లేదు. ఒకరిద్దరు శిష్యులతో మొదలుపెట్టండి. మీ గొంతును అనుకరించమని అడగకండి, ఎందుకంటే వాళ్ల గొంతు మలుపు తిరిగే చోటు వేరే. పాడి చూపించడం తగ్గించి వినడం పెంచండి. శిష్యురాలి పాటను ఫోన్‌లో రికార్డు చేసి, తేడా ఎక్కడ వచ్చిందో ముందు ఆమెనే చెప్పమనండి.

ప్రదర్శన ముందు రోజు క్లాసులు పెట్టుకోకండి. తప్పకపోతే పూర్తి గొంతు వాడకుండా, సన్నగా పాడే మార్కింగ్‌తో సరిపెట్టుకోండి.