నల్లకోటు విప్పే ముందు: ప్రాక్టీసు మానాలనుకునే జూనియర్ న్యాయవాదులకు

ఏప్రిల్ ఎండలో నల్లకోటుతో మూడు కోర్టు హాళ్ల మధ్య పరుగెత్తి, పాసోవర్ (కేసును కాసేపాగి పిలవమనడం) అడిగిన చోట బెంచి నుంచి మాట పడి, రాత్రి తొమ్మిదిన్నరకు సీనియర్ గారి ఆఫీసులో మర్నాటి కేసుల కట్టలు సర్దుతున్నప్పుడు, ఈ వృత్తి వదిలేయాలని అనిపించడం సహజమే. అయితే ఆ రాత్రి నిర్ణయం తీసుకోవద్దు. మే నెల సెలవులు ముగిసి కోర్టులు తెరిచాక కూడా, వాయిదాల డైరీ తెరవగానే అదే భారం అనిపిస్తే, అప్పుడు దాని గురించి ఆలోచించవచ్చు.

ఆలోచించేటప్పుడు మీకు విసుగు పుట్టినది కోర్టు మీదనా, ఆఫీసు మీదనా అన్నది ముందు తేల్చుకోండి. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం వచ్చిన రోజు ఉత్సాహంగా ఉండి, నెలాఖరున చేతికేమీ రాక కుంగిపోతున్నవారు మార్చుకోవలసింది వృత్తిని కాదు, సీనియర్‌ను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల కనీస భృతి ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. అది సిఫార్సు మాత్రమే కాబట్టి నోరు తెరిచి అడగక తప్పదు. నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవడం వారాల తరబడి సాగితే మాత్రం అది వృత్తి ప్రశ్న కాదు, వైద్యుడిని కలవవలసిన విషయం. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

వెళ్లడమే ఖాయమైతే, ముందుగా సంవత్సరాలు లెక్క చూసుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పునిచ్చి, ఆ కాలాన్ని తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తొలి నమోదు) తేదీ నుంచి లెక్కించవచ్చని చెప్పింది. రెండున్నరేళ్లు నిండినవారు ఆర్నెల్లు ఓపిక పట్టకుండా కంపెనీ ఉద్యోగంలో చేరితే ఆ తలుపు దాదాపు చేతికందే దూరంలో మూసుకుపోతుంది. నిబంధనలు మారుతుంటాయి గనుక తాజా నోటిఫికేషన్ కూడా చదవండి.

బ్యాంకులోనో కంపెనీలోనో పూర్తికాల లా ఆఫీసరుగా జీతానికి చేరేవారు బార్ కౌన్సిల్ నియమాల్లోని 49వ నియమం ప్రకారం ఆ సంగతి తమ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపివేయాలి. సనదు (న్యాయవాదిగా నమోదు పత్రం) ఎలాగూ ఉంది కదా అని శనివారం ఒక బెయిలు పిటిషన్ వేసి రావడం చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అది క్రమశిక్షణ చర్యకు దారితీసే తప్పు. ఉద్యోగం కోసం తామే సస్పెండ్ చేయించుకున్న సనదును తర్వాత దరఖాస్తు పెట్టి పునరుద్ధరించుకోవచ్చు. దాచిపెట్టిన ఉద్యోగం మాత్రం ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కేసులు అప్పగించడానికి కేటాయించండి. సివిల్ దావా నడుస్తుండగా వకాలతు దానంతటదే తీరిపోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం కోర్టు అనుమతితో రాతపూర్వకంగా ముగించాలి. కక్షిదారుకు తగినంత ముందుగా నోటీసు ఇవ్వాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలి. ఫీజు బాకీ ఉందని కట్ట పట్టుకు కూర్చునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది.

ప్రతి కట్ట పైన తరువాతి వాయిదా తేదీ, అది ఏ దశలో ఉందో, కోర్టు పత్రాల నకలు కోసం పెట్టిన ఏ కాపీ అప్లికేషన్ పెండింగులో ఉందో ఒక తెల్లకాగితం మీద రాసి దారం కింద పెట్టండి. ఒరిజినల్ రిజిస్టర్డ్ దస్తావేజులు, పాసుపుస్తకాలు కక్షిదారు చేతికే ఇచ్చి, దస్తావేజు నంబరు, సంవత్సరం వేసి రసీదు మీద సంతకం తీసుకోండి. ఈ పనికి గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో సీనియర్ గారికన్నా ఆయనకే బాగా తెలుసు.