డిప్రెషన్, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్ళకి మసాజ్ చేసే ముందు జాగ్రత్తలు

బట్టలు మార్చుకోమనే ముందే కూర్చోబెట్టి మాట్లాడండి, ఏం మందులు వాడుతున్నారో అడగండి. చాలామంది బీపీ, షుగర్ అడిగి వదిలేస్తారు, సైకియాట్రీ మందుల సంగతి మనం అడిగితే గానీ బయటికి రాదు.

- లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) వాడేవాళ్ళకి ఆవిరి స్నానం వద్దు. చెమట బాగా పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది, అది ప్రమాదం. అభ్యంగం తర్వాత ఆవిరి పెట్టడం మన దగ్గర ప్యాకేజీలో భాగం కదా, అందుకే దీన్ని ముందు పెట్టా.
- క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటి సైకియాట్రీ మందులు వాడేవాళ్ళకి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, పక్కకి తిప్పి కాసేపు కూర్చోబెట్టి అప్పుడు లేపండి. నేల మీద నూనె తుడిచారా?
- గతంలో వేధింపులు పడ్డవాళ్ళకి ముట్టుకుంటేనే భయం ఉండొచ్చు. చెయ్యి వేసే ముందు ఎక్కడ వేస్తున్నారో చెప్పండి, తలుపు గడియ పెట్టొద్దు, తోడు ఎవరైనా లోపల ఉండాలా అన్నది వచ్చినవాళ్ళనే అడగండి, వాళ్ళ అత్తగారిని కాదు. "ఆపండి" అంటే ఆపాలి, ఒళ్ళు బిగుసుకుపోయి మాట రాకపోయినా ఆపాలి.
- భ్రమల్లో ఉన్నా, మేనియా (బైపోలార్‌లో వచ్చే అతి హుషారు, ఉద్రేకం) బాగా ఎక్కువగా ఉన్నా ఆ రోజుకి వాయిదా, డాక్టర్‌ని అడిగాకే.
- చేతి మీద కోతల గుర్తులు కనిపిస్తే క్లాస్ పీకకండి. కొత్త గాయం మీద నూనె వద్దు. చచ్చిపోవాలనుంది అంటే మసాజ్ సంగతి పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ కలపండి, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు.
- "మందులు మానెయ్యండి, ఇది చాలు" అని మాత్రం నోరు జారొద్దు.