ఫీడర్ ట్రిప్ అయ్యాక సరఫరా దానంతటదే తిరిగొచ్చేలా చేయడం

11 కేవీ ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు మోసుకెళ్లే లైను) ఒకచోట ఫాల్ట్ వస్తే లైనంతా చీకట్లో ఉండక్కర్లేదు. చెడిన ముక్కను రెండువైపులా విడదీస్తే మిగతాదానికి నిమిషాల్లో కరెంటు ఇవ్వొచ్చు.

ఇందుకు ఫీడర్‌ను మూడు నాలుగు సెక్షన్లు చేసే మోటరైజ్డ్ స్విచ్‌లు, ఒక్కోదాని దగ్గర ఫాల్ట్ కరెంటు అక్కడిగుండా పోతే వెలిగే ఫాల్ట్ ఇండికేటర్, బ్యాటరీ ఉన్న ఎఫ్‌ఆర్‌టీయూ (స్విచ్ స్టేటస్ పంపి, ఆదేశాలు అందుకునే పెట్టె), పక్క ఫీడర్‌తో కలిపే టై స్విచ్ కావాలి. టై మామూలుగా తెరిచే ఉంటుంది. సెక్షన్లను లైను పొడవు చూసి కాదు, లోడు చూసి విడదీయండి.

సబ్‌స్టేషన్‌లోని బ్రేకర్ ట్రిప్ కాగానే, అంటే ఫాల్ట్‌కు దానంతటదే తెరుచుకోగానే, స్విచ్‌లు కదలకూడదు. కొమ్మ తగిలి పోయే తాత్కాలిక ఫాల్ట్‌లు రీక్లోజింగ్‌తోనే (బ్రేకర్ కాస్త ఆగి తిరిగి మూసుకోవడంతోనే) తీరిపోతాయి. లాకౌట్ అయ్యాకే, అంటే బ్రేకర్ ఇక మూసుకోకుండా తెరిచే ఉండిపోయాకే, స్విచ్‌లను నడిపే లాజిక్ మొదలవ్వాలి. సబ్‌స్టేషన్ వైపు నుంచి లెక్కిస్తే 1, 2 స్విచ్‌ల ఇండికేటర్లు వెలిగి 3వది వెలగలేదంటే ఫాల్ట్ 2, 3 మధ్యనే ఉంది. ఆ రెండూ తెరవండి. తెరుచుకున్నట్టు స్టేటస్ వచ్చాకే బ్రేకర్ వేయండి. ఆదేశం పంపినంత మాత్రాన స్విచ్ తెరుచుకుందని నమ్మొద్దు.

అసలు జాగ్రత్త టై వేసేటప్పుడే. పక్క ఫీడర్ పరిమితి 300 ఆంపియర్లు, ఇప్పుడు మోస్తున్నది 180 అయితే మిగిలింది 120. 3వ స్విచ్ అవతలి లోడు 150 అయితే టై వేయకూడదు. ముందు అందులో కొంత విడదీయాలి. లెక్కకు ఫాల్ట్‌కు ముందటి లోడే తీసుకోండి, ట్రిప్ తర్వాతి సున్నా కాదు. సరఫరా చాలాసేపు పోయుంటే మోటార్లు, ఏసీలు ఒక్కసారిగా లేచి లోడు ఇంకా పెరుగుతుంది. టై వేశాక లైను పొడవు పెరగడంతో చివర్లో ఫాల్ట్ కరెంటు తగ్గిపోతుంది, పక్క ఫీడర్ రిలే (ఫాల్ట్‌ను గుర్తించి బ్రేకర్‌ను తెరిపించేది) దాన్ని పసిగట్టగలదో లేదో ముందే చూసుకోవాలి. టైకి రెండువైపులా ఫేజ్ వరస తప్పితే మోటార్లు తిరగబడి తిరుగుతాయి.

ఎక్కువగా దెబ్బతీసేవి చిన్నవే: ఎఫ్‌ఆర్‌టీయూ బ్యాటరీ దిగిపోవడం, సిగ్నల్ పోవడం, తక్కువ కరెంటు ఎర్త్ ఫాల్ట్‌కు (కరెంటు నేలలోకి పోయే ఫాల్ట్) ఇండికేటర్ వెలగకపోవడం. సబ్‌స్టేషన్‌కు దూరంగా ఉన్న ఇండికేటర్ వెలిగి దగ్గరది వెలగకపోతే సమాచారం పొంతన లేనట్టే, లాజిక్ అక్కడే ఆగి ఆపరేటర్‌కు అప్పగించాలి. లైన్‌పై సోలార్ ఉంటే ఫాల్ట్ కరెంటు దిశ చెప్పే ఇండికేటర్లే పెట్టండి.

లైన్ క్లియర్ (లైన్ మీద పనికి అనుమతి) ఇచ్చేముందు ఆ ఫీడర్‌కూ, టై ఉన్న పక్క ఫీడర్‌కూ ఆటో మోడ్ ఆపి, స్విచ్ దగ్గర లోకల్‌కు (దూరం నుంచి నడపలేనట్టు) మార్చి తాళం వేయాలి. సరఫరా లేదని టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటికి రెండువైపులా ఎర్త్ వేశాకే మనిషి లైన్ మీద చెయ్యి వేయాలి.