గల్లాకు ఇవతల నిలబడి చూడండి: చిన్న దుకాణాలకు మార్కెటింగ్ పాఠాలు

చిన్న దుకాణం నడిపే మనిషి పొద్దున పాల ప్యాకెట్టు మొదలుకొని రాత్రి మందుల షాపు దాకా రోజూ ఎన్నో చోట్ల కొనుగోలుదారుగా నిలబడతాడు. ఎక్కడ ధర అడగడానికి మొహమాటపడ్డాడో, ఎవరి దగ్గర బేరమాడకుండా డబ్బు తీసి ఇచ్చాడో, ఏ షాపు మెట్లు మళ్లీ ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడో అతనికి బాగా గుర్తుంటుంది. అయినా తన షట్టరు ఎత్తి గల్లా వెనక కూర్చోగానే ఆ అనుభవమంతా మరుగున పడి, ఎదుటి షాపువాడు కట్టిన ఫ్లెక్సీ, పెద్ద కంపెనీలు ఇచ్చే ఆఫర్లు మాత్రమే మార్కెటింగ్‌లాగా కనిపిస్తాయి. ప్రకటనలకు పెద్దగా ఖర్చుపెట్టలేని వ్యాపారి తన సొంత కొనుగోళ్లను ఎలా గమనించాలో, అందులో పనికొచ్చినదాన్ని దుకాణంలో ఎలా అమలు చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలకు మన ఊళ్లలో అడుగడుగునా కనిపించే పచ్చళ్లు, పొడులు, పిండివంటల దుకాణాన్ని తీసుకున్నాను. బట్టల కొట్టు, ఫ్యాన్సీ షాపు, కర్రీ పాయింట్ నడిపేవారు తమ సరుకుకు తగినట్టు మార్చుకోవచ్చు.

ముందుగా ఒక కొనుగోళ్ల పుస్తకం

ఒక చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకుని, నెల రోజులపాటు మీరూ మీ ఇంట్లోవాళ్లూ కొన్న ప్రతిదాని గురించి రెండు వాక్యాలు రాయండి. ఏం కొనాలని వెళ్లారు, చివరికి ఏం కొన్నారు, ఆ షాపుకే ఎందుకు వెళ్లారు, ఎక్కడ ఒక్క క్షణం వెనకాడారు అన్నవి రాస్తే చాలు. ఎంతయిందో రాయడం మరిచిపోయినా నష్టం లేదు కానీ, ఏమీ కొనకుండా బయటికి వచ్చిన సందర్భాలను మాత్రం వదిలిపెట్టకూడదు. మీ దుకాణం నుంచి అలా వెళ్లిపోయినవాళ్లు కారణం చెప్పి వెళ్లరు కనుక, మీ పుస్తకంలో మీరు రాసుకున్న కారణాల నుంచే వాళ్ల కారణాలను ఊహించుకోవాలి.

"షాపు బాగుంది", "సర్వీసు బాగాలేదు" లాంటి మాటలు దేనికీ అక్కరకు రావు. "మందుల షాపులో మూడు రూపాయల చిల్లర లేదని, అడగకుండానే చాక్లెట్లు చేతిలో పెట్టారు", "కిరాణాలో నేను ముందు వచ్చి నిలబడినా, ఫోనులో చెప్పినవాళ్ల సరుకులే ముందు కట్టారు", "టైలరు శుక్రవారం రమ్మన్నాడు, వెళితే సోమవారం అన్నాడు" అని జరిగింది జరిగినట్టు రాయాలి. అప్పుడు, మన షాపులో కూడా ఇలాగే జరుగుతోందా అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా చెప్పించుకుని రాయడం మంచిది. షాపు మెట్టు ఎత్తుగా ఉందన్న సంగతి మోకాళ్ల నొప్పులున్న అమ్మకు తెలిసినట్టు మీకు తెలియదు.

ధర కనబడాలి, చేతిలోని డబ్బుకు అందాలి

నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, వెనకాడిన సందర్భాలు ఎక్కువగా ధర దగ్గరే కనిపిస్తాయి. అయితే వాటిలో ధర ఎక్కువై ఆగినవాటి కంటే, ధర ఎంతో తెలియక ఆగినవి ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా లెక్కపెట్టండి. అడిగి కొనకపోతే ఏమనుకుంటారోనన్న మొహమాటం మనవాళ్లలో గట్టిది. అద్దాల బీరువాలో ధర రాయని సరుకు కనిపిస్తే, అది మనకు అందేది కాదులే అనుకుని చూపు తిప్పుకుంటారు. కాబట్టి ప్రతి సీసా ముందు, ప్రతి పళ్లెం ముందు ధర రాసిన చీటీ పెట్టండి. కిలో ధర ఒక్కటే రాయకుండా పావుకిలో ధర కూడా రాయండి, ఎందుకంటే పిండివంటలను ఎక్కువమంది కొనేది పావుకిలోల లెక్కనే. తొంభై తొమ్మిదితో ముగిసే ధరల గురించి అడిగేవారికి నా సలహా ఇదే: మనవాళ్లు దానికి ఎప్పుడో "బాటా రేటు" అని పేరు పెట్టేశారు, అంటే ఆ కిటుకు అందరికీ తెలిసిపోయింది. చిల్లర వెతుక్కునే పని పెట్టకుండా చిన్న దుకాణంలో వంద, నూట యాభై అని గుండు అంకెలు రాసుకోవడమే మేలు.

ధర తగ్గించడం ఒక పని, కొనే పరిమాణం తగ్గించడం మరొక పని. మొదటిది లాభాన్ని తినేస్తుంది, రెండోది కొత్త కొనుగోలుదారులను తెస్తుంది. ఈ తేడాను దక్షిణాదిలో బాగా చూపించినవారు షాంపూ వ్యాపారులు. తమిళనాడులోని కడలూరులో 1983లో సి.కె. రంగనాథన్ ప్రారంభించిన చిక్ షాంపూ, సీసా కొనే స్తోమత లేని పల్లె కుటుంబాలను ఉద్దేశించి చిన్న సాషేల, అంటే ఒక్కసారికి సరిపడే ప్యాకెట్ల మీదే నిలబడింది. షాంపూను చిన్న సాషేలలో నింపి అమ్మే ఆలోచనకు ఆయన తండ్రి చిన్ని కృష్ణన్ అంతకు ముందే బాట వేశారు. సంస్థ మనుషులు ఊళ్లకు వెళ్లి, జనం చూస్తుండగా కుర్రవాళ్ల తలలు రుద్ది, ఆరిన జుట్టును ముట్టుకుని వాసన చూడమనేవారు. ఖాళీ సాషేలు తెచ్చి ఇస్తే చిక్ సాషే ఉచితంగా ఇచ్చే పథకం కూడా నడిపారు. ఇందులో చిన్న వ్యాపారి తీసుకోవలసింది ఏమిటంటే, రోజు కూలీ మీద బతికే ఇంటికి ఒక తలస్నానానికి సరిపడా షాంపూను ఆ రోజు జేబులో ఉన్న డబ్బుకే అందించాలి అన్న లెక్క.

పచ్చళ్ల దుకాణంలో ఈ లెక్క వంద గ్రాముల ప్యాకెట్టుగా మారుతుంది. హాస్టలు విద్యార్థులు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు, రుచి ఎలా ఉంటుందోనని సందేహించేవాళ్లు కిలో సీసా జోలికి రారు కానీ వంద గ్రాములు తీసుకుంటారు. ప్యాకింగ్ ఖర్చు వల్ల గ్రాము ధర కొంత పెరగడం సహజమే, దానిని ఎవరూ తప్పుపట్టరు. అయితే వంద గ్రాముల ధరను పదితో గుణించి చూసుకునే గృహిణులు మన దగ్గర చాలామంది ఉన్నారన్న సంగతి గుర్తుపెట్టుకుని ఆ తేడాను అదుపులో ఉంచాలి. ముందే కట్టి అమ్మే ప్యాకెట్ల మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆ వివరాలను చిన్న అక్షరాల్లో ఒక మూలకు నెట్టకుండా, తయారైన తేదీని పెద్దగా ముద్రించండి. తాజా సరుకు అమ్మేవాడికి అంతకు మించిన ప్రకటన ఉండదు.

కొసరు ఇవ్వడంలోని పద్ధతి

అసలు కన్నా కొసరు ముద్దన్న మాట ఏ మార్కెటింగ్ కోర్సులోనూ ఉండకపోవచ్చు కానీ, రైతుబజారులో కూరలమ్మే ఆమెకు దాని పూర్తి అర్థం తెలుసు. కిలో వంకాయలు తూచి సంచిలో పోశాక, నాలుగు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెమ్మో తీసి పైన పడేస్తుంది. దాని ఖరీదు రూపాయో రెండు రూపాయలో ఉంటుంది. అదే రెండు రూపాయలు ఆమె ధరలో తగ్గించి ఉంటే మనం ఇల్లు చేరేలోపే మరిచిపోయేవాళ్లం. కరివేపాకు రెమ్మ మాత్రం సంచిలో అన్నిటికన్నా పైన కనిపిస్తూ ఉంటుంది, మర్నాడు కాళ్లు అటే తిప్పుతుంది.

తూచే తీరులో కూడా ఇదే విషయం దాగి ఉంది. పిండివంటల దుకాణంలో పావుకిలో జంతికలు అడిగినప్పుడు, ఒక కుర్రవాడు పెద్ద గుప్పెడు కాటా మీద వేసి, అంకె ఎక్కువ చూపించగానే రెండు జంతికలు తీసి పళ్లెంలో పడేస్తాడు. మన కళ్లు ఆ రెండు జంతికల వెంట పళ్లెం దాకా వెళ్తాయి. మరో కుర్రవాడు ముందు కాస్త తక్కువ వేసి, ఒకటీ మరొకటీ చేరుస్తూ అంకె సరిపోయాక చిన్న ముక్క ఒకటి అదనంగా వేస్తాడు. ఇద్దరు ఇచ్చిన బరువు దాదాపు ఒక్కటే అయినా మొదటివాడు మనది లాక్కున్నట్టు, రెండోవాడు తనది ఇచ్చినట్టు అనిపిస్తుంది. మీ దగ్గర పనిచేసేవారికి నేర్పవలసిన మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం. దీనికి పెట్టుబడి లేదు, పొద్దున చెబితే సాయంత్రానికి అమల్లోకి వస్తుంది.

కొసరును కొత్త సరుకు పరిచయం చేయడానికి వాడుకోవడం మరింత తెలివైన పని. ఆవకాయ కొన్నవారికి మరికాస్త ఆవకాయే వేయడం కంటే, ఈ మధ్యే మొదలుపెట్టిన అవిసె గింజల పొడిని చిన్న పొట్లం కట్టి, "అమ్మా, వేడి అన్నంలో నెయ్యి వేసుకుని చూసి ఎలా ఉందో చెప్పండి" అని ఇస్తే, ఆమె తిరిగి వచ్చి చెప్పే మాట మీకు ఉచితంగా వచ్చే సలహా అవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి: కొసరును బోర్డు మీద రాయకూడదు. "ప్రతి కొనుగోలుపై ఉచిత పొట్లం" అని రాసిన మరుక్షణం అది హక్కుగా మారిపోతుంది, ఇవ్వని రోజున ఫిర్యాదు వస్తుంది.

ఎంత చూపించాలి

పేరున్న చీరల దుకాణంలో అనుభవజ్ఞుడైన సేల్స్‌మన్‌ను ఒక పది నిమిషాలు గమనించండి. తెల్లటి పరుపు మీద చీర తరవాత చీర విప్పుతూనే, కొనేవారు పెదవి విరిచిన వాటిని వెంటవెంటనే వెనక్కి లాగేస్తాడు, కళ్లు ఆగిన రెండు మూడింటిని మాత్రం పక్కపక్కన మిగులుస్తాడు. కొత్తవాడు అన్నిటినీ గుట్టగా పేరుస్తూ పోతాడు, అరగంటకు కొనేవారికే విసుగు వచ్చి "మళ్లీ వస్తాం" అని లేస్తారు. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన ఒక పరిశోధన దీనికి అంకెలు ఇచ్చింది. కాలిఫోర్నియాలోని ఒక సరుకుల దుకాణంలో 24 రకాల జామ్‌లు రుచికి పెట్టినప్పుడు అటుగా వెళ్లేవారిలో 60 శాతం మంది ఆగారు, 6 రకాలే పెట్టినప్పుడు 40 శాతం మందే ఆగారు. ఆగినవారిలో కొన్నది మాత్రం మొదటి సందర్భంలో 3 శాతం, రెండో సందర్భంలో 30 శాతం. తరవాత జరిగిన పరిశోధనలన్నీ ఇదే ఫలితం చూపించలేదు కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనవసరం లేదు. ఏం కావాలో తెలిసి వచ్చే పాత ఖాతాదారుకు ఎన్ని రకాలున్నా ఇబ్బంది లేదు, నిర్ణయించుకోలేక నిలబడింది కొత్తగా వచ్చినవారే. కాబట్టి ఇరవై రకాల పచ్చళ్లూ అరల్లో ఉంచి, గల్లా దగ్గర రుచికి మూడే పెట్టండి. "కారం తక్కువ తింటారా, ఎక్కువ తింటారా?" అని ఒక ప్రశ్న అడిగి, జవాబును బట్టి రెండు సీసాలు మాత్రం ముందుకు జరపండి.

మీ ఇంటి ఖర్చే మీ క్యాలెండరు

మీ ఇంట్లో డబ్బు ఏ నెలలో దేనికి ఖర్చవుతుందో పుస్తకంలో చూసుకుంటే, ఎప్పుడు ఏది అమ్మాలో తెలుస్తుంది. ఆషాఢంలో శుభకార్యాలు ఉండవు కాబట్టి బట్టల దుకాణాలు అప్పుడు తగ్గింపు అమ్మకాలు పెడతాయి. శ్రావణం రాగానే వ్రతాలు, పెళ్లిళ్లతో జనం తమంతట తామే వస్తారు. పిండివంటలకు సంక్రాంతి ముందు వారాలు, పచ్చళ్లకు బడులు, హాస్టళ్లు తెరిచే జూన్ ముఖ్యం. జులై, ఆగస్టు నెలల్లో అమెరికా విశ్వవిద్యాలయాలకు బయలుదేరే పిల్లల తల్లిదండ్రులు పొడులు, పచ్చళ్లు కిలోలకొద్దీ కొంటారు. వాళ్ల అసలు బెంగ రుచి గురించి ఉండదు, సూట్‌కేసులో నూనె కారుతుందేమోనని ఉంటుంది. గాలి తీసి, రెండు పొరల్లో గట్టిగా కట్టి ఇస్తామని ఆ రెండు నెలలు ఒక్క వాక్యం రాసిపెడితే, ఆ వాక్యమే అమ్ముతుంది.

ఈ కబురు వాట్సాప్‌లో పంపేవారికి ఒక సాంకేతిక విషయం తెలిసి ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకే పడతారు, అందులోనూ మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే సందేశం చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, తాజా సరుకు దిగగానే చెబుతాం" అని అడగాలి. రోజూ పొద్దున పువ్వుల బొమ్మతో శుభోదయం పంపే షాపును మీరే మ్యూట్ చేసి ఉంటారు, మీరు మాత్రం ఆ పని చేయకండి.

సరుకు తిరిగి వచ్చినప్పుడు

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి మీరు ఎన్నిసార్లు వెనకాడారో పుస్తకంలో ఉంటుంది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. చట్టం మాట అటుంచినా, బూజు పట్టిన సీసా పట్టుకుని వచ్చిన మనిషితో వాదించే ఐదు నిమిషాలూ షాపులో ఉన్న మిగతావాళ్లంతా వింటూనే ఉంటారు. సీసా తీసుకుని, మూత తీసి చూసి, వేరే సీసా కావాలా డబ్బు కావాలా అని ఆయననే అడగండి. తరవాత ఆ సరుకు ఏ రోజు తయారైందో వెతికి, అదే రోజు తయారైన మిగతా సీసాలను అరలోంచి తీసేయండి.

పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం

పైవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది ఫలించిందో ఎప్పటికీ తెలియదు. ఒక్క మార్పు ఎంచుకుని, దానికి ముందు రెండు వారాల గల్లా మొత్తాన్నీ, యూపీఐ ద్వారా వచ్చిన మొత్తాన్నీ కలిపి రోజువారీగా రాసుకోండి. మార్పు చేశాక మరో రెండు వారాలు అలాగే రాసి రెండింటినీ పోల్చండి. మధ్యలో పండుగ గానీ, ఉద్యోగస్థుల కాలనీ అయితే జీతాల మొదటి వారం గానీ ఒక వైపే పడకుండా చూసుకోవాలి, లేకపోతే పండుగ తెచ్చిన అమ్మకాన్ని ధర చీటీల ఖాతాలో వేసుకుంటారు. మొత్తం డబ్బుతోపాటు ఎంతమంది కొన్నారో కూడా రాయండి. మొత్తం పెరిగి మనుషులు తగ్గితే పాత ఖాతాదారులే ఎక్కువ కొంటున్నారని, మనుషులు పెరిగి మొత్తం అంతే ఉంటే వంద గ్రాముల ప్యాకెట్లు కిలో సీసాల అమ్మకాన్ని తింటున్నాయేమోనని చూసుకోవాలి. కొత్త మొహం కనిపించినప్పుడల్లా "మా షాపు సంగతి ఎవరు చెప్పారండీ?" అని అడిగి, పక్కింటివారు, వాట్సాప్, బోర్డు, దారిన పోతూ అని నాలుగు గళ్లలో గీతలు పెట్టండి. రెండు నెలలు గడిచినా గీత పడని గడికి పెడుతున్న ఖర్చు ఆపేయండి.