టెక్సాస్ పెరట్లో ఫైర్ యాంట్ పుట్టలు: సమస్య - పరిష్కారం

డాలస్, హ్యూస్టన్ వైపు లాన్‌లో కుట్టేది చాలావరకు ఈ ఎర్ర చీమే. పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1930ల్లో ఓడల్లో అలబామాలోని మొబైల్ రేవుకు చేరి, తర్వాత మట్టితో, నర్సరీ మొక్కలతో, గడ్డి మోపులతో దక్షిణ రాష్ట్రాలంతా పాకింది.

ముందు అదేనా అని చూసుకోండి. నాగుల చవితికి పాలు పోసే పుట్టకు కన్నాలుంటాయి. దీని నెత్తిన కన్నం ఉండదు, పొడిమట్టి గుట్టలా ఉంటుంది. చీమలు సొరంగాల్లో వెళ్లి కొన్ని అడుగుల అవతల పైకొస్తాయి. పుల్లతో కదిపితే క్షణాల్లో పుల్లంతా ఎర్రగా కమ్మేస్తాయి. కుట్టినచోట మర్నాటికి తెల్లటి పొక్కు లేస్తుంది, చిదమకండి. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 911.

సమస్య: పుట్ట మీద మందు పోస్తే నాలుగడుగుల అవతల కొత్తది లేచింది

కారణం: రాణి చావలేదు. పుట్టను కెలికితే పని చీమలు రాణిని మోసుకుని పక్కకు పోతాయి. 3 గ్యాలన్ల మరిగే నీళ్లు పోసినా పదింటిలో ఆరు పుట్టలే పోతాయి, గడ్డి కూడా మాడుతుంది. పెట్రోలు జోలికి అసలు పోవద్దు. మొక్కజొన్న రవ్వ తిని కడుపుబ్బి చస్తాయనేది ఉత్త మాట: ఎదిగిన చీమలు గట్టి తిండి మింగలేవు.

పరిష్కారం: ముందు ఎర, తర్వాతే పుట్ట. సోయా నూనెలో మందు కలిపి మొక్కజొన్న నలుసులకు పట్టించిన ఎరను చేతి స్ప్రెడర్‌తో పెరడంతా చల్లాలి. ఎకరానికి 1 నుంచి 1.5 పౌండ్లు, అంటే పావు ఎకరానికి 4 నుంచి 6 ఔన్సులే. చూడ్డానికి ఏమీ చల్లనట్టే ఉంటుంది, అంతే చాలు. వారం, పది రోజులయ్యాక గుమ్మం పక్కనో, ఉయ్యాల కిందో మిగిలిన పుట్టలకు మాత్రం విడిగా మందు వేయండి, లేబుల్ మీద ఉన్న కొలతకే.

సమస్య: ఎర చల్లినా ముట్టలేదు

కారణం ఎక్కువగా నూనెలోనే ఉంటుంది. పోయినేడు మూత తీసిన సంచిలో నూనె ముక్కిపోతుంది. ఎరువుతో కలిపినా, తడిగడ్డి మీద చల్లినా పనికిరాదు.

పరిష్కారం: పుట్ట దగ్గర ఒక చిప్స్ ముక్క పెట్టండి. అరగంటలో చీమలు మూగితే చల్లే వేళ అదే. ఎండాకాలంలో సాయంత్రం పొద్దువాలాక. 24 గంటలు వాన, స్ప్రింక్లర్ ఉండకూడదు.

సమస్య: తగ్గి మళ్లీ వచ్చాయి

వాన వెలిసిన మర్నాడు రెక్కల రాణులు ఎగిరొచ్చి దిగుతాయి, మీ కంచె వాటికి అడ్డం కాదు. టెక్సాస్‌లో సమూలంగా పోగొట్టడం కుదరదు. న్యూజిలాండ్ 2001లో ఆక్లండ్ విమానాశ్రయం దగ్గర ఒక్క గూడుగా ఉన్నప్పుడే పట్టుకుని తుడిచిపెట్టగలిగింది. మీరు వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఎర చల్లండి, వీధివాళ్లంతా ఒకే వారంలో చల్లితే మరీ మంచిది. మెథోప్రీన్ అనే మందున్న ఎర రాణి సంతానాన్ని ఆపుతుంది కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది. ఇండాక్సాకార్బ్ మందున్నది రోజుల్లో పనిచేస్తుంది.

సమస్య: ఏసీ బయటి యూనిట్ ఆన్ కావడం లేదు

యూనిట్‌కు కరెంటు ఇచ్చే స్విచ్ (కాంటాక్టర్)లో షాక్ కొట్టి చచ్చిన చీమ వదిలే వాసనకు మిగతావీ వచ్చి చస్తాయి, ఆ కుప్ప స్విచ్ మూసుకోనివ్వదు. బ్రేకర్ ఆపి, మెకానిక్ చేత శుభ్రం చేయించండి. ఎర యూనిట్ చుట్టూ నేల మీదే, లోపల వద్దు.