పాత ఔట్‌బోర్డ్ మోటార్ మొరాయిస్తోందా? ముందు ట్యాంకులో ఏముందో చూడండి

పడవ వెనక బిగించే పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు సరిగా నడవకపోతే చాలామంది నేరుగా కార్బ్యురేటర్ విప్పుతారు. జెట్లు ఊదుతారు, ప్లగ్గు మారుస్తారు. ట్యాంకులో ఉన్నదేమిటో మాత్రం చూడరు. గాలి బాగా ఆడే చోట, నిప్పుకు దూరంగా, ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి. ఆ తర్వాతే స్పానర్ పట్టుకోండి.

స్టార్ట్ అవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది

ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచే ఉందా? ఉంటే, ఇక నా అనుమానం పెట్రోల్లో కలిపే ఆల్కహాల్, అంటే ఇథనాల్ మీదే. ముఖ్యంగా నిన్న సాయంత్రం బాగా నడిచి ఇవాళ పొద్దున మొండికేస్తే.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు పట్టే చెమ్మ అంతా పెట్రోల్లోకే చేరుతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు. అంటే 10 లీటర్లకు 50 మి.లీ. చల్లబడితే అంత కూడా కలుపుకోలేదు. అందుకే రాత్రికి రాత్రే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంధనం పీల్చే గొట్టం మొన ఉండేదీ ఆ అడుగునే.

ఇంజిన్ ఆగిపోతే చికాకే తప్ప నష్టం లేదు. ఆగకుండా ఈడ్చుకుంటూ నడిస్తేనే ప్రమాదం. టూ స్ట్రోక్ ఇంజిన్ లోపలి భాగాలకు జారుడు ఇచ్చేది పెట్రోల్లో కలిపే ఆయిలే. మీరు కొలిచి పోసిన ఆ ఆయిల్ పెట్రోల్‌తోపాటు పై పొరలోనే ఉండిపోతుంది, అడుగు పొరలో దాదాపు ఉండదు. లెక్క ప్రకారమే కలిపాం కదా అని మీరు ధీమాగా ఉంటారు, అక్కడ పిస్టన్, బేరింగులు పొడిగా రాసుకుంటుంటాయి. ఎన్నో మంచి ఇంజిన్లను పొట్టన పెట్టుకున్నది ఇదే.

సీసాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. టూ స్ట్రోక్ ఆయిల్‌కు సాధారణంగా నీలమో ఆకుపచ్చో రంగు కలుపుతారు. పైన ఆ రంగు, కింద వెలిసిపోయిన పొర, రెంటి మధ్య సన్నని గీత ఉంటే విడిపోయినట్టే. సీసా మెల్లగా వంచి చూడండి, ఆ గీత కూడా కదులుతుంది. రెండు పొరలు లేకపోయినా మసకగా ఉందంటే విడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

దాన్ని కుదిపి వాడకండి. మందులు కలిపినా బాగుపడదు. పై పొర ఒక్కటీ వంచుకుందామన్నా, ఇథనాల్ పోవడంతో దాని ఆక్టేన్ (ఇంజిన్ కొట్టుకోకుండా మండే గుణం) పడిపోయి ఉంటుంది. మొత్తం తీసేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి, నీళ్లలో పారబోయకండి. గొట్టం, ఫిల్టర్, కార్బ్యురేటర్ గిన్నె కూడా ఖాళీ చేయాలి. ఆ గిన్నెలో మిగిలిన కొంచెమే మళ్లీ ఇబ్బంది పెడుతుంది. ప్లగ్గు తీసి సిలిండర్లో చెంచాడు ఆయిల్ వేసి, ఫ్లైవీల్ చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తుంటే స్టార్ట్ చేయవద్దు, హెడ్ తీసి లోపల గీతలు పడ్డాయేమో చూడాలి.

ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే పాత మోటారుకు అదే పోయండి. దొరకకపోతే ఆ రోజుకు కావలసినంతే కలుపుకోండి, వారాల తరబడి నిల్వ ఉంచకండి.

కార్బ్యురేటర్ నుంచి పెట్రోల్ పొంగుతోంది

ఇదీ చాలాసార్లు ఇథనాల్ పనే. పాత కార్బ్యురేటర్లలో గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే బెండు ఫ్లోట్ ఉంటుంది, దానికి లక్క పూత వేసేవారు. ఇథనాల్‌కు లక్క కరుగుతుంది, బెండు పెట్రోల్ తాగి మునుగుతుంది. బాగా ఆరబెట్టి ఇథనాల్‌కు తట్టుకునే పూత వేయండి, లేదా కొత్త ఫ్లోట్ పెట్టండి.

పొగ ఎక్కువ, ప్లగ్గు నల్లబడుతోంది

పొగ చూసి ఆయిల్ తగ్గించడం అసలుకే ఎసరు పెట్టుకోవడం. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో 1964 నుంచి చాలావాటికి 50:1 (50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) వచ్చింది. అంతకు ముందువాటిలో చాలావాటికి 24:1, ఇంకా పాతవైన, బాల్, రోలర్ బేరింగులకు బదులు కంచు బుష్‌లు (సాదా కంచు గొట్టాలు) ఉన్న ఇంజిన్లకు 16:1. పది లీటర్లకు ఇవి వరుసగా 200, 417, 625 మి.లీ. ఇప్పటి ఆయిల్ మెరుగైంది కాబట్టి అన్నిటికీ 50:1 చాలంటారు. ఆయిల్ మెరుగైంది నిజమే, బుష్ మాత్రం అదే పాత బుష్. దానికి మందమైన ఆయిల్ పొర కావాల్సిందే. తగిన పాళ్లలో కలిపినా పొగ విపరీతంగా ఉంటే కార్బ్యురేటర్ మీది లో స్పీడ్ నీడిల్ (నెమ్మదిగా నడిచేటప్పుడు వెళ్లే పెట్రోల్‌ను సర్దే సూది స్క్రూ) సర్దండి. అలాగని ఆయిల్ అతిగా పోసినా తప్పే. ఆ మేరకు పెట్రోల్ వాటా తగ్గి, గాలితో పోలిస్తే పెట్రోల్ చాలక మిశ్రమం పలచబడుతుంది.

మోటారు మీది రేకుపై గాలన్‌కు అర పింట్ అని ఉంటే అది 16:1 (పింట్ అంటే గాలన్‌లో ఎనిమిదో వంతు). అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546. ఒక దేశం పింట్‌తో ఇంకో దేశం గాలన్‌ను కలపకుండా, నిష్పత్తి పట్టుకుని మి.లీ.లలో కొలవండి. ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీటితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి. బైకు ఆయిల్ వద్దు, కారు ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. సగం పెట్రోల్, ఆయిల్ మొత్తం పోసి బాగా కుదిపాక మిగతా పెట్రోల్ పోయాలి.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్‌కు డబ్బు తగలేయకండి, వీటి కంప్రెషన్‌కు మామూలుదే సరిపోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఉండే పోపెట్ వాల్వులు వీటిలో లేవు కాబట్టి, పాత పెట్రోల్లో ఉండే సీసం బదులు వాల్వుల కోసమని అమ్మే మందులూ అనవసరం. క్రాంక్ సీల్, రీడ్ వాల్వ్ పాడవడం అరుదు. రెండు గొట్టాల ప్రెషర్ ట్యాంకు (ఒక గొట్టం లోపలికి గాలి నెడితే, ఇంకోదానిలో పెట్రోల్ బయటికొచ్చే ట్యాంకు) ఉంటే మాత్రం, వాటి జోలికి పోయే ముందు దాని మూత గాస్కెట్ నుంచి గాలి పోతోందేమో చూడండి.